హన్నా రైచ్: గ్లైడర్ నుంచి యుద్ధానికి, యుద్ధం నుంచి గ్లైడర్‌కు

1959లో న్యూఢిల్లీ మీద ఒక గ్లైడర్ చక్కర్లు కొట్టింది. అందులో కూర్చున్న ప్రయాణికుడు ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ. నడిపిన మనిషి జర్మనీ నుంచి వచ్చిన హన్నా రైచ్. వయసు 47, ఎత్తు ఐదడుగులు. అంతకు పద్నాలుగేళ్ల కిందట, 1945 ఏప్రిల్ చివరి వారంలో, ఆమె బెర్లిన్‌లో హిట్లర్ తలదాచుకున్న బంకర్‌లో ఉంది. ఇక నెహ్రూ సంగతి చూస్తే, 1936లో రోమ్ మీదుగా స్వదేశానికి వస్తూ, ముసోలినీ కబురు పెట్టినా కలవడానికి ససేమిరా అన్నవాడు. అలాంటి మనిషి ఇలాంటి మనిషి చేతిలో తన ప్రాణం పెట్టి గాలిలో తేలడం ఎలా సాధ్యమైంది?

జనం పాతవి మరచిపోతారు అని సరిపెట్టుకోవచ్చు. కానీ అది జవాబు కాదు. హన్నా గురించి రాసేవాళ్లు మామూలుగా రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటారు. మగవాళ్ల లోకంలో నెగ్గుకొచ్చిన సాహసి అనేది ఒక దారి, హిట్లర్‌ను నమ్ముకున్న పైలట్ అనేది రెండోది. రెండూ నిజమే. అయితే ఆ రెండింటినీ కలిపే వస్తువు మీద ఎవరి చూపూ పెద్దగా నిలవదు. ఆ వస్తువు చెక్కతో, గుడ్డతో చేసిన గ్లైడర్. యుద్ధానికి ముందు ఆమెను పైలట్‌ను చేసింది అదే, యుద్ధంలోకి తీసుకెళ్లింది అదే, ఆ తర్వాత ఢిల్లీకీ ఆఫ్రికాకూ తలుపు తెరిచిందీ అదే. ఇంజిన్ లేదు, తుపాకి లేదు, కాబట్టి ఇది అమాయకమైన ఆట అని లోకం నమ్మింది. హన్నాకు జీవితాంతం ఆ నమ్మకమే కవచమైంది.

ముందు ఈ ఆట సంగతి కొంచెం తెలియాలి. ఇంజిన్ లేని విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. హన్నా తొలిరోజుల్లో నడిపిన ‘గ్రూనౌ బేబీ’ లాంటి గ్లైడర్ కిలోమీటరు ఎత్తు కోల్పోయేలోగా సుమారు 17 కిలోమీటర్లు ముందుకు పోతుంది. అంతకంటే దూరం పోవాలంటే పైకి లేచే గాలిని వెతుక్కోవాలి. మే నెల మధ్యాహ్నం ఎండిన మైదానంలో సుడిగాలి లేచి, దుమ్మూ ఎండుటాకులూ గిర్రున పైకి పోవడం మనం చూసిందే. వేడెక్కిన నేల తనపైనున్న గాలిని అలా ఎగదోస్తుంది. దుమ్ము లేనిచోట ఆ గాలి కంటికి కనిపించదు, అంతే తేడా. గద్ద దానిలోకి దూరి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ మబ్బుల దాకా పోతుంది. గ్లైడర్ పైలట్ చేసేదీ అదే. కొండవాలుకు తగిలి పైకి మళ్లే గాలి ఇంకో ఆధారం. ఎక్కుతున్నామా దిగుతున్నామా అని చెప్పే వేరియోమీటర్ అనే చిన్న పరికరం, సీటు కింద నుంచి తగిలే తోపు, ఆకాశంలో మబ్బు ఆకారం, ఎదురుగా తిరుగుతున్న పక్షి: ఇవే ఆనవాళ్లు. చేట పట్టుకుని గాలి కోసం కళ్లంలో నిలబడ్డ రైతుకు ఈ ఓపిక గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఈ ఆట జర్మనీలోనే ఎందుకు అంతలా వేళ్లూనింది? జవాబు వెర్సాయ్ ఒప్పందంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీకి సైనిక విమానదళం ఉండకూడదని 1919లో గెలిచినవాళ్లు శాసించారు. విమానాల తయారీని కొంతకాలం ఆపేశారు, తర్వాత కూడా పరిమితులు పెట్టారు. ఇంజిన్ లేని వాటి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. 1920 వేసవిలో రోన్ కొండల్లోని వాసర్‌కుప్పె శిఖరం మీద ఆస్కార్ ఉర్సినస్ అనే ఇంజనీరు పిలుపుతో కొందరు విద్యార్థులు, పాత సైనిక పైలట్లు సొంతంగా చేసుకున్న గ్లైడర్లతో చేరారు. ఆ ఏడాది రెండు మూడు నిమిషాలు గాలిలో ఉంటే అదే గొప్ప. 1922 కల్లా హనోవర్ విద్యార్థుల ‘వాంపైర్’ గంటకు మించి నిలిచింది. నిషేధం పెట్టినవాళ్లు విమానాలను ఆపగలిగారు కానీ, గాలిని చదివే ఒక తరాన్ని తమకు తెలియకుండానే పెంచారు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. అప్పట్లో గ్లైడర్‌ను కొండవాలు మీద పెట్టి, ముక్కుకు రబ్బరు తాడు తగిలించి, చెరో పక్క నలుగురైదుగురు కుర్రవాళ్లు పరుగెత్తి లాగేవారు. వదిలితే అది ఉండేలు దెబ్బలా గాలిలోకి లేచేది. ఒకరు ఎగరాలంటే పది మంది చెమటోడ్చాలి. ఎగిరినవాడు కిందికి దిగితే, దాన్ని మళ్లీ కొండ మీదికి మోసుకురావాలి. కూటమి, క్రమశిక్షణ, వంతు వచ్చేదాకా ఓపిక, వీటన్నింటినీ పెద్ద ఖర్చు లేకుండా నేర్పే బడి ఇది. ఏ ప్రభుత్వానికైనా నోరూరుతుంది. నాజీలకు ఊరింది. 1933 నుంచి క్లబ్బులను ఒక్కొక్కటిగా తమ గొడుగు కిందికి తెచ్చుకున్నారు. 1937లో అన్నింటినీ కలిపి పార్టీ వైమానిక విభాగంగా మార్చారు. హిట్లర్ యువదళంలో గ్లైడింగ్ శిక్షణ లుఫ్త్‌వాఫెకు, అంటే జర్మన్ వాయుసేనకు, మొదటి మెట్టు అయింది.

ఆ మార్పు అందరి మీదా ఒకేలా పడలేదు. 1929లో గ్లైడర్‌లో తొలిసారి వంద కిలోమీటర్లు దాటిన రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ ఆస్ట్రియాకు చెందిన యూదుడు. వాసర్‌కుప్పె ఆకాశంలో అతని కంటే పెద్ద పేరు అప్పట్లో ఒకటో రెండో. నాజీలు రాగానే జర్మనీలో అతనికి చోటు లేకుండా పోయింది, బ్రిటన్ చేరి అక్కడి వాయుసేనలో గ్లైడర్ల మీద పనిచేశాడు. 1948లో తోక లేని ఒక ప్రయోగ గ్లైడర్‌ను పరీక్షిస్తూ చనిపోయాడు. తనకు ఎగరడం తప్ప మరేమీ పట్టదు అని చెప్పుకున్న జర్మన్ పైలట్లు చాలామంది ఉన్నారు. క్రోన్‌ఫెల్డ్‌కూ ఎగరడమే పట్టింది, కానీ ఆ మాట చెప్పుకుని ఉన్నచోటే ఉండిపోయే వీలు అతనికి దొరకలేదు.

హన్నా 1912 మార్చి 29న సైలీషియాలోని హిర్ష్‌బర్గ్‌లో పుట్టింది. ఇప్పుడది పోలండ్‌లో యెలెనియా గూరా. తండ్రి కంటి వైద్యుడు. తానూ వైద్యురాలై, ఆఫ్రికాలో మిషనరీల దగ్గర విమానంలో ఊరూరూ తిరిగే డాక్టర్ కావాలని చిన్ననాటి కల. వైద్యవిద్యలో చేరింది కూడా. అయితే ఊరికి దగ్గర్లోని గ్రూనౌ కొండ మీద గ్లైడింగ్ బడి ఉంది. అక్కడ వోల్ఫ్ హిర్ట్ అనే గురువు దొరికాడు. మోటార్‌సైకిల్ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నా ఆకాశంలో ఆయనకు సాటి వచ్చినవాళ్లు తక్కువ. ఆ బడిలోనే గ్లైడింగ్ నేర్చుకున్న మరో కుర్రవాడు వెర్నర్ ఫాన్ బ్రౌన్, తర్వాత రాకెట్లతో లండన్‌నూ చంద్రుణ్నీ ఒకే చేత్తో గురిపెట్టినవాడు. గ్రూనౌ కొండ సామాన్యమైనది కాదు!

వైద్యం చదువు అటకెక్కింది. 1934లో వాతావరణ శాస్త్రవేత్త వాల్టర్ గియోర్గి దక్షిణ అమెరికాకు నడిపించిన బృందంలో హిర్ట్, పీటర్ రీడెల్, హైని డిట్మార్‌లతో పాటు హన్నా కూడా ఉంది. బ్రెజిల్, అర్జెంటీనాల వేడిగాలుల్ని పరిశీలించడం ఆ యాత్ర పని. అక్కడ డిట్మార్ 4,350 మీటర్లు ఎక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు. తిరిగొచ్చాక గియోర్గి ఆమెను డార్మ్‌స్టాట్‌లోని గ్లైడింగ్ పరిశోధన సంస్థలోకి తీసుకున్నాడు. జీతం తీసుకుని కొత్త గ్లైడర్లను పరీక్షించే పైలట్‌గా ఆమె జీవితం అక్కడ మొదలైంది.

ఆ సంస్థలో ఆమె చేసిన పనుల్లో అన్నింటికంటే విలువైనది జనం తక్కువగా చెప్పుకునేది: గాలి బ్రేకులు. అప్పటి గ్లైడర్ పైలట్లకు మబ్బు ఒక ఎర. లోపల గాలి జోరుగా పైకి పోతుంది, దూరితే వేల మీటర్లు ఎక్కవచ్చు. కానీ లోపల నేల కనిపించదు, పైన ఏదో కింద ఏదో, శరీర సమతూకం చూసే లోచెవి చెప్పేది తప్పు. పైలట్ తెలియకుండానే ముక్కు కిందికి వంచేస్తాడు, వేగం హద్దు మీరుతుంది, చెక్క రెక్కలు విరిగిపోతాయి. కొత్తలో హన్నా కూడా ఒక తుఫాను మబ్బులో చిక్కి, అదుపు తప్పి, ఎలాగో బయటపడి మంచు కప్పిన కొండ మీద దిగింది. చాలామందికి ఆ అదృష్టం లేకపోయింది. దీనికి డిజైనర్ హాన్స్ యాకబ్స్ ఒక ఉపాయం ఆలోచించాడు. రెక్క పైనా కిందా పలకలు పొడుచుకొచ్చేలా అమర్చి, ముక్కు నిలువునా కిందికి పెట్టి వదిలినా వేగం ఒక హద్దు దాటకుండా గాలే అడ్డుపడేలా చేశాడు.

కాగితం మీద లెక్క తేలిక. దాన్ని వేల మీటర్ల ఎత్తు నుంచి నిలువుగా దూకి రుజువు చేయాల్సింది పైలట్. మొదట్లో పలకలు తెరిస్తే గ్లైడర్ మొత్తం గజగజ వణికింది. దిగి, ఎక్కడ వణికిందో చెప్పడం, యాకబ్స్ మార్చడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దూకడం. పరీక్షా పైలట్ గొప్పతనం తెగువలో ఉందనుకుంటాం. అసలు గొప్పతనం ప్రాణం మీదికి వచ్చిన ఆ పది క్షణాల్లో ఏం జరిగిందో వరుసగా గుర్తుపెట్టుకుని, ఇంజనీరుకు అర్థమయ్యేలా చెప్పడంలో ఉంది. హన్నాకు ఆ నేర్పు పుష్కలంగా ఉంది. ఇవాళ దాదాపు ప్రతి గ్లైడర్ రెక్కలోనూ ఆ కోవకు చెందిన బ్రేకులున్నాయి. ఎంతమంది ప్రాణాలు అవి కాపాడాయో లెక్క కట్టడం కుదరదు.

మరి ఈ బ్రేకుల ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లెవరు? లుఫ్త్‌వాఫె జనరళ్లు. అందులో ఎర్నెస్ట్ ఊడెట్‌కు నిలువుగా దూకి బాంబు వేయడమంటే పిచ్చి. 1937లో ఆయన హన్నాకు ‘ఫ్లూగ్‌కాపిటాన్’ అనే గౌరవ బిరుదు ఇప్పించాడు, ఒక మహిళకు అది దక్కడం అదే మొదలు. అదే ఏడాది ఆమెను రెఖ్లిన్‌లోని సైనిక విమానాల పరీక్షా కేంద్రానికి పిలిపించాడు. 1938 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని డాయిష్‌లాండ్‌హాల్ అనే మూసిన ప్రదర్శనశాలలో, వేల మంది చూస్తుండగా, ఫోకె అనే ఇంజనీరు తయారుచేసిన హెలికాప్టర్‌ను ఆమె నడిపి చూపించింది. పైకప్పు కింద హెలికాప్టర్ ఎగరడం లోకం ముందెన్నడూ చూడలేదు. అది సాంకేతిక అద్భుతమే, నాజీ ప్రచారమూ అదే. ఆమెకు మొదటిదే కనిపించింది, లేదా మొదటిదే చూడాలని నిర్ణయించుకుంది.

గ్లైడర్ ఆటవస్తువు కాదని చెప్పడానికి 1940 మే 10 ఒక్కటి చాలు. ఆ తెల్లవారుజామున బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట కప్పు మీద తొమ్మిది గ్లైడర్లు చప్పుడు లేకుండా దిగాయి. ఒక్కోదానిలో ఎనిమిది తొమ్మిది మంది సైనికులు. అభేద్యమని పేరుపడ్డ ఆ కోట ఫిరంగుల నోళ్లు నిమిషాల్లో మూతపడ్డాయి, మరునాటికి కోట లొంగిపోయింది. ఆ గ్లైడర్ పేరు డీఎఫ్‌ఎస్-230. దాని వెనకున్నది వాతావరణ పరిశోధన కోసం డార్మ్‌స్టాట్ సంస్థలో పుట్టిన ఆలోచన. దాన్ని డిజైన్ చేసింది గాలి బ్రేకుల యాకబ్సే. దాన్ని పరీక్షించి, సైన్యం ముందు నడిపి చూపించినవాళ్లలో హన్నా ఉంది. కోట మీద దింపిన పైలట్లలో కొందరు నిన్నమొన్నటి దాకా పోటీల్లో బహుమతులు కొట్టిన క్రీడాకారులే.

ఇలాంటి ఉదాహరణ ఇంకొకటి ఉంది. యాకబ్స్ రూపొందించిన ‘హాబిష్ట్’ గాలిలో పల్టీలు కొట్టే గ్లైడర్. దానితో 1938లో అమెరికా వెళ్లి క్లీవ్‌లాండ్ వైమానిక పోటీల్లో హన్నా ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించుకుంది. యుద్ధం చివర్లో అదే గ్లైడర్ రెక్కల్ని 13.6 మీటర్ల నుంచి 8 మీటర్లకు, ఆ తర్వాత 6 మీటర్లకు కత్తిరించారు. రెక్క పొట్టిదైతే వేగంగా దిగుతుంది. ఎందుకంటే మెసర్‌ష్మిట్ 163 అనే రాకెట్ విమానంలో ఇంధనం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత అది గ్లైడర్ లాగే, అదీ మహా వేగంగా, నేలకు చేరాలి. దానికి కుర్రవాళ్లను తయారుచేయడానికి ఈ మొండి రెక్కలు.

ఆ రాకెట్ విమానమే హన్నాను చావు అంచుకు తీసుకెళ్లింది. 1941 అక్టోబర్‌లో పాత స్నేహితుడు డిట్మార్ దానిలో గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగాన్ని దాటాడు. 1942 అక్టోబర్ 30న హన్నా ఇంజిన్ వెలిగించకుండా, మరో విమానం లాగుతుండగా పరీక్షకు ఎగిరింది. పైకి లేవగానే ఊడిపడాల్సిన చక్రాల బండి ఊడలేదు. ప్యారాచూట్‌తో దూకేయవచ్చు, కానీ విమానాన్ని కాపాడాలనుకుంది. దిగేటప్పుడు అది వేగం కోల్పోయి నేలకు గుద్దుకుంది. పుర్రె చిట్లింది, ముక్కు ఊడినంత పనైంది. ఆ స్థితిలో కాగితం, పెన్సిలు తీసి, ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మ గీసి పెట్టి, ఆ తర్వాతే స్పృహ తప్పింది. ఐదు నెలలు ఆస్పత్రిలో ఉంది. శత్రువు వేలాడదీసిన బెలూన్ల ఉక్కు తాళ్లను విమానంతో తెంచే ప్రయోగాలకు 1941లోనే రెండో తరగతి ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం ఆమెకు దక్కింది. ఈ ప్రమాదం తర్వాత మొదటి తరగతిదీ దక్కింది.

ఆ బొమ్మను గీసిన చెయ్యే, కోలుకున్నాక, ఇంకో కాగితం మీద సంతకం పెట్టింది. విమానాన్ని శత్రు నౌకల మీదికి పోనిచ్చి తామూ చచ్చిపోవడానికి ఒప్పుకునే పత్రం అది. 1944 ఫిబ్రవరి 28న బెర్చెస్‌గాడెన్‌లో హిట్లర్ చేతుల మీదుగా ఐరన్ క్రాస్ అందుకుంటూ ఈ ఆత్మాహుతి దళం ఆలోచనను ఆమె ఆయన ముందు పెట్టింది. హిట్లర్‌కు అంతగా రుచించలేదు, కానీ సన్నాహాలకు సరే అన్నాడు. వీ-1 ఎగిరే బాంబులో పైలట్ కూర్చునే చోటు చేసి పరీక్షించారు. ముందు నడిపినవాళ్లు దిగేటప్పుడు కూలిపోతుంటే, హన్నా నడిపి లోపం ఎక్కడుందో పట్టుకుంది. పథకం చివరికి అటకెక్కింది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఈ ఆలోచన పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు, కింది నుంచి పైకి వెళ్లింది. ఆమె నాజీ పార్టీలో సభ్యత్వం తీసుకోలేదు. తర్వాత ఆ మాటను పదే పదే చెప్పుకుంది. సభ్యత్వ కార్డు లేకపోవడం ఎంత చిన్న సంగతో ఈ ఘట్టం చెబుతుంది.

అదే కాలంలో, అదే వృత్తిలో మరో మహిళ ఉంది. మెలిట్టా ఫాన్ స్టౌఫెన్‌బర్గ్ ఇంజనీరు, యుంకర్స్ బాంబర్లను నిలువు దూకుల్లో రెండు వేల సార్లకు పైగా పరీక్షించింది. తండ్రి యూదు మూలాల నుంచి వచ్చినవాడు కావడంతో ఆమె మెడ మీద కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉంది. ఎగరడం మానితే తానూ తనవాళ్లూ దిక్కులేనివాళ్లవుతారు. 1944 జూలై 20న హిట్లర్ దగ్గర బాంబు పెట్టిన క్లాస్ ఆమెకు స్వయానా మరిది. ఆమెను అరెస్టు చేసి, చేసే పనికి ఇంకొకరు దొరకక వదిలేశారు. తర్వాత నిర్బంధంలో ఉన్న భర్తను వెతుక్కుంటూ చిన్న విమానంలో పోతుండగా, 1945 ఏప్రిల్ 8న అమెరికా యుద్ధవిమానం కాల్చేసింది. ఇద్దరూ నాజీ యుద్ధానికి పనిచేశారు, ఇద్దరికీ ఐరన్ క్రాస్‌లు వచ్చాయి. అయినా ఒకరిది తప్పించుకోలేని పని, ఇంకొకరిది కోరి చేసిన పని. హన్నాకు మెలిట్టా అంటే గిట్టేది కాదు.

హన్నాకు తెలియదు అనడానికీ వీల్లేదు. దక్షిణ అమెరికా యాత్రలో తోడున్న పీటర్ రీడెల్ 1944లో స్టాక్‌హోమ్‌లోని జర్మన్ రాయబార కార్యాలయంలో ఉన్నాడు. విషవాయువు గదుల గురించిన ఒక కరపత్రం అతని చేతికి చిక్కింది. దాన్ని ఆమె ముందు పడేశాడు. ఆమె దాన్ని పట్టుకుని నేరుగా ఆ మారణకాండను నడిపిన ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ దగ్గరకే వెళ్లింది. నువ్వు దీన్ని నమ్ముతున్నావా అని అతను ఎదురు ప్రశ్న వేశాడు. నమ్మడం లేదంది, శత్రువుల ప్రచారమైతే ఖండించమని కోరింది. అంతటితో ఆమె మనసు కుదుటపడింది. దొంగను దొంగవా అని అడిగి, కాదంటే ఇంటికొచ్చిన కథ ఇది. నిలువు దూకులో పలక ఎక్కడ వణికిందో వేలు పెట్టి చూపగలిగిన మనిషి, ఇక్కడ రెండో ప్రశ్న వేయలేదు.

బెర్లిన్ ఘట్టాన్ని అందరూ పూసగుచ్చినట్టు చెబుతారు, కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చాలు. 1945 ఏప్రిల్ 26న జనరల్ రాబర్ట్ ఫాన్ గ్రైమ్‌తో కలిసి ఫీసెలర్ స్టోర్క్ అనే చిన్న విమానంలో, రష్యన్ తుపాకుల మధ్య నుంచి, బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గరి రోడ్డు మీద దిగింది. దారిలో గ్రైమ్ కాలికి తూటా తగిలితే, వెనక నుంచి అతని భుజాల మీదుగా చేతులు చాచి విమానాన్ని దింపింది ఆమే. రెండు రోజులు బంకర్‌లో ఉన్నారు. హిట్లర్ ఇద్దరికీ విషపు గుళికలిచ్చాడు. 28 రాత్రి వేరే విమానంలో బయటపడ్డారు. మే 3న సాల్జ్‌బర్గ్‌లో, తమను రష్యన్ల చేతికి అప్పగిస్తారన్న భయంతో, ఆమె తండ్రి తన భార్యను, కూతురిని, మనవలను చంపి తానూ చచ్చిపోయాడు. మే 24న గ్రైమ్ తన గుళిక మింగాడు. హన్నా అమెరికన్ల నిర్బంధంలో ఏడాదికి పైగా గడిపింది.

జర్మన్లు మళ్లీ గ్లైడర్ ఎక్కడానికి 1951 దాకా అనుమతి లేదు. వచ్చిన మరుసటి ఏడాదే మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఇద్దరు కూర్చునే గ్లైడర్ల విభాగంలో హన్నా మూడో స్థానంలో నిలిచింది. ఒకరే కూర్చునే విభాగంలో గెలిచినవాడు బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ విల్స్. యుద్ధకాలంలో అతను ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్జిలరీలో ఉండి, కర్మాగారాల నుంచి వాయుసేన స్థావరాలకు విమానాలు చేరవేశాడు. ఏడేళ్ల కిందటి శత్రువులు ఒకే మైదానంలో ఒకే వేడిగాలి కోసం వెతుక్కున్నారు. ఈ దృశ్యంలో నిజమైన అందం ఉంది, కాదనలేం. చిక్కేమిటంటే, ఆ అందం ఎవరినీ ఏ ప్రశ్నా అడగదు. 1955లో ఆమె జర్మన్ జాతీయ ఛాంపియన్. 1958లో పోటీలు పోలండ్‌లో జరిగితే ఆ దేశం మాత్రం ఆమెకు వీసా ఇవ్వలేదు. నాజీ ఆక్రమణను ఆరేళ్లు అనుభవించినవాళ్లకు గ్లైడర్ తెల్ల రెక్కలు చూసి మైమరపు కలగలేదు.

ఇక మళ్లీ ఢిల్లీకి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చి పన్నెండేళ్లయిన దేశం. విమానాలు కొనడానికి విదేశీ మారకం కరవు, ఎగరాలని ఉవ్విళ్లూరే కుర్రవాళ్లకు కొదవ లేదు. పౌర విమానయాన శాఖ గ్లైడింగ్ కేంద్రాలను ప్రోత్సహిస్తోంది. సొంతంగా ‘అశ్విని’ గ్లైడర్ 1958లో ఎగిరింది, రామామృతం డిజైన్ చేసిన ‘రోహిణి’ 1961లో ఎగరబోతోంది. చెక్క, గుడ్డ, జిగురు, వడ్రంగి నైపుణ్యం, ఎండాకాలపు వేడి: గ్లైడింగ్‌కు కావలసినవి మన దగ్గర దండిగా ఉన్నాయి. గ్లైడింగ్ కేంద్రం విషయమై నెహ్రూ ఆమెను పిలిచిన సందర్భం ఇది. తక్కువ ఖర్చుతో ఎగిరే తరాన్ని తయారుచేయడం ఎలాగో ప్రపంచంలో అందరికంటే బాగా చేసి చూపింది జర్మనీ. ఎందుకోసం చేసిందన్నది వేరే ప్రశ్న. ఢిల్లీ మొదటిదే చూసి రెండోదాన్ని పక్కన పెట్టినట్టుంది.

ఘనాలో ఈ సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1962లో అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పిలుపుతో వెళ్లి, రాజధాని అక్రాకు దగ్గర అఫియెన్యాలో జాతీయ గ్లైడింగ్ పాఠశాలను ఆమె నెలకొల్పింది. పిల్లలకు క్రమశిక్షణ, ఓర్పు, బాధ్యత నేర్పే బడి కావాలని ఎన్‌క్రుమా కోరిక. ఎన్నో ఏళ్ల కిందట వాసర్‌కుప్పె కొండ మీద తాడు లాగిన కుర్రవాళ్ల గురించి చెప్పిన మాటలే ఇవి, దేశం మారింది, రంగు మారింది. ఒకప్పుడు నల్లజాతి మనిషిని స్నేహితుడిగా చూడొచ్చన్న ఆలోచనే తనకు రాలేదని ఆమె తర్వాత ఒప్పుకుంది. ఘనా ఆమెను కొంత మార్చిందనడానికి అదొక ఆధారం. అయితే మార్పు ఎంతవరకు? నాయకుడు పిలవాలి, తాను నమ్మి సేవ చేయాలి అన్న తీరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్‌క్రుమా గురించి ఆమె రాసిన పుస్తకం చదివితే, భక్తికి కొత్త గుడి దొరికిందే తప్ప భక్తి తగ్గలేదని తెలుస్తుంది. 1966 ఫిబ్రవరి 24న సైన్యం ఎన్‌క్రుమాను దించేసింది. ఆమె ఘనా వదలాల్సి వచ్చింది, ఆమె నడిపిన బడి కథ అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత కూడా ఎగరడం ఆపలేదు. అమెరికాలో అపలేచియన్ కొండల వరుస వందల కిలోమీటర్లు తెగకుండా సాగుతుంది. వాయవ్య గాలి ఆ వాలుకు తగిలి పైకి మళ్లితే, దాని అంచు పట్టుకుని గంటల తరబడి పోవచ్చు. ఎత్తు తక్కువ, కింద చెట్లు, కుదుపులు ఎక్కువ, కాస్త ఏమరితే దిగడానికి చోటుండదు. కుర్రవాళ్ల ఒళ్లే హూనమవుతుంది. 1979లో, 67 ఏళ్ల వయసులో, ఆ వరుస మీదుగా వెళ్లి బయలుదేరిన చోటుకే తిరిగి వస్తూ ఆమె 802 కిలోమీటర్లు పూర్తి చేసింది. అది మహిళల రికార్డు. ఆ ఏడాది ఆగస్టు 24న ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరణించింది. సాల్జ్‌బర్గ్ శ్మశానంలో, 1945 మే 3న చనిపోయిన తన కుటుంబం పక్కనే ఆమెను ఖననం చేశారు.